రెండో చరణం దాకా

సొరకాయ రసం వాసన తగిలితే ఇప్పటికీ నేను ఆ గది దాటి పోతాను. కూర వండితే తింటాను, పప్పులో వేస్తే ఇంకాస్త వడ్డించుకుంటాను. కానీ దాన్ని పచ్చిగా పిండి, గాజు గ్లాసులో పోసి, పైన పుదీనా ఆకు నిలబెట్టి, డీటాక్స్ అని పేరు పెట్టి ఎవరైనా నా చేతికిస్తే, ఆ గ్లాసు వాళ్ల నెత్తినే బోర్లించాలనిపిస్తుంది. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో ఆ వాసన మధ్యే పనిచేశాం, నేనూ హిమజా. ఇది హిమజ కథ. నా పేరు మంజులత, ఆమెతో కలిసి చదువుకున్నదాన్ని. నాకున్న ఆస్తి నోరొక్కటే కాబట్టి చెప్పే పని నేను పెట్టుకున్నాను.

హిమజది బోరబండ. వాళ్ల నాన్న వెంకటనర్సయ్య సినిమా షూటింగులకు భోజనాలు చేరవేసే వ్యాన్ నడిపేవాడు. ఆ వ్యాన్‌లో హీరో క్యారియర్ వేరు, టెక్నీషియన్ల డబ్బాలు వేరు, జూనియర్ ఆర్టిస్టుల గిన్నెలు వేరు. వంటవాడు ఒకడే, పొయ్యి ఒకటే, అయినా చికెన్ ముక్క మాత్రం మనిషిని చూసి పడేది. చిన్నప్పుడు సెలవుల్లో హిమజ నాన్న పక్కన కూర్చుని వెళ్లేది. "గిన్నె మూత తీస్తే చాలు మంజు, ఎవలి ఇలువ ఎంతనో తెల్సిపోయేది" అనేది నాతో.

ఆమె ఈ చదువులోకి రావడానికి కారణం వాళ్లమ్మ కాలు. అమ్మకు షుగర్. డాక్టరు "తిండి మార్చుకోమ్మా" అన్నాడు, ఏం మార్చాలో చెప్పలేదు. బయట అంత క్యూ ఉంటే చెప్పే తీరిక ఆయనకెక్కడిది? పాపం ఆవిడ అన్నం పూర్తిగా మానేసి, పూటపూటా చాయ్‌లో బిస్కెట్లు ముంచుకుని తింది. జ్వరమొచ్చినవాళ్లకు కూడా బిస్కెట్లే పెడతారు కాబట్టి అది మందులాంటిదని ఆవిడ అనుకుంది. చివరికి కాలి వేళ్లు తీసేశారు. ఎమ్మెస్సీ మొదటి రోజు, ఈ కోర్సు ఎందుకు తీసుకున్నారని అడిగితే మేమందరం "న్యూట్రిషన్ అంటే ఇంట్రెస్ట్ మేడమ్" అని చిలక పలుకులు పలికాం. హిమజ లేచి, "గా డాక్టర్ పక్కన తిండి సంగతి చెప్పే మనిషి ఒక్కలుంటే మా అమ్మ మంచిగ నడుస్తుండె మేడమ్" అంది.

హైటెక్ సిటీ కొత్తగా మెరుస్తున్న రోజులవి. అమీర్‌పేటలో గోడలు కనపడకుండా జావా బోర్డులు, ఒరాకిల్ బోర్డులు. డిగ్రీ అయిన ప్రతివాడూ ఏదో ఒక కోర్సుకు పరుగెత్తేవాడు. మా బాబాయి వెంకటేశ్వరరావు అయితే ఏ పెళ్లిలో కనపడినా, "ఎమ్మెస్సీ చదివి ఇడ్లీ పిండి రుబ్బుతావేంటే?" అని పదిమందిలో అడిగి పగలబడి నవ్వేవాడు. హిమజను వాళ్ల బస్తీలో వంటల కాలేజీ పిల్ల అనేవాళ్లు. కిడ్నీ పాడైనవాడికి ఏ పప్పు పెట్టొచ్చో, ఒళ్లు కాలినవాడికి ఎన్ని మాంసకృత్తులు కావాలో, మింగలేనివాడికి గొట్టంలో ఏం పోయాలో మేం నేర్చుకుంటున్నామంటే వినే ఓపిక ఎవడికుంది?

చివర్లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. పెద్దాసుపత్రుల్లో చోట్లన్నీ సిఫారసు ఉన్నవాళ్లు తన్నుకుపోయారు. మిగిలిపోయిన మా ఇద్దరినీ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి ఫిల్మ్ నగర్ వైపు దిగే రోడ్డు పక్కన 'నాజూకు' అనే బరువు తగ్గించే సెంటర్‌కు పంపారు. దాని యజమానురాలు లీలాకుమారి సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఉంటేనే మేం డైటీషియన్ పరీక్షకు కూర్చోగలం. అంటే మా పిలక ఆవిడ చేతిలో ఉందన్నమాట.

లీలాకుమారిని అక్కడ అందరూ డాక్టరమ్మ అనేవాళ్లు. దేనికి డాక్టరో నాకు ఈ రోజుకీ తెలీదు. మొదటిరోజే మాకు తెల్లకోట్లు తొడిగించి మెడలో స్టెతస్కోపులు వేయించింది. "డైటీషియన్లు ఇవి వాడరండీ మేడమ్" అన్నాను.

"వాడమని ఎవరన్నారమ్మా? వేసుకోమన్నాను" అంది నవ్వుతూ.

ఆ సెంటర్‌లో జరిగిన వాటికి ఏ పుస్తకంలోనూ పేరు లేదు. వచ్చినవాళ్లను మొదటిసారి చెప్పులతో, బాగా నీళ్లు తాగించి బరువు తూచాలి. చివరిసారి పొద్దున్నే, పరగడుపున తూచాలి. నడుముకు టేపు మొదట వదులుగా పట్టాలి, చివర్లో ఊపిరి బిగబట్టమని చెప్పి లాగి పట్టాలి. వాళ్లకు ఏదో నల్లటి బురద పూసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, దానికి ర్యాప్ అని పేరు పెట్టి పడుకోబెట్టేవాళ్లు. చెమట, బురద, సొరకాయ రసం కలిసి గదిలో కొట్టే ఆ కంపుకు నేను చున్నీ ముక్కుకు చుట్టుకునేదాన్ని. రాత్రి షిఫ్టులు చేసి పొట్టలు పెంచుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, పెళ్లి కుదిరిన అమ్మాయిలు, కొడుకుల్ని హీరోలు చేద్దామనుకునే తల్లులు, అందరూ ఆ బురదకే నమస్కారం పెట్టేవాళ్లు. ఛీ, ఏం మనుషులో!

"మనం రెండేండ్లు చదివింది గీ టేపు లాగుటానికేనానె?" అనేది హిమజ. నేను బూతులు తిట్టేదాన్ని. ఆమె తిట్టేది కాదు. వచ్చిన ప్రతి మనిషినీ పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం తిన్నారో అడిగి, వాళ్ల ఇంట్లో ఉండే బియ్యం, జొన్నలు, ఆకుకూరలతోనే ఏం తినాలో నెమ్మదిగా చెప్పేది. మేడమ్ చూస్తే ఊరుకోదని తెలిసీ చెప్పేది. మా చదువులో ఆ అడగడమే అసలు పని. దాదాపు ప్రతివాడూ అబద్ధం చెప్తాడు. మూడు పూటలా మింగినవాడు కూడా "ఏముందండీ, చిన్న పుల్కా" అంటాడు. చెప్పినదాంట్లోంచి నిజం పట్టుకోవడం మాకు నేర్పారు.

అరుణజ్యోతి మాత్రం అబద్ధం చెప్పలేదు. జనగామ దగ్గరి పల్లె పిల్ల. కృష్ణానగర్‌లో ఇంకో ఇద్దరితో కలిసి గది కిరాయికి తీసుకుని, సినిమా పాటల్లో వెనక వరుసల్లో డాన్స్ చేసేది. తల్లి మల్లమ్మ ఊళ్లో కూలి పని చేస్తుంది. జ్యోతి మా సెంటర్‌కు రావడానికి కారణం ఒక పాట. ఆ పాటలో మొట్టమొదటిసారి ఆమెను ముందు వరుసలో, హీరోయిన్ కుడిపక్కన నిలబెట్టారు. మొదటి చరణం తీశాక హీరో కాలు బెణికి షూటింగ్ ఆగింది. మళ్లీ మొదలయ్యేలోపు జ్యోతి ఒళ్లు చేసింది. కాస్ట్యూమ్ ట్రయల్‌కు పిలిస్తే జాకెట్టు హుక్కులు పట్టలేదు. డాన్స్ మాస్టర్ అసిస్టెంట్ చూసి, "కంటిన్యుటీ పోతుంది. రెండో చరణం లోపు అప్పుడెలా ఉన్నావో అలా అయిపో, లేకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటాం" అన్నాడట. మొదటి చరణంలో సన్నగా ఉన్న పిల్ల రెండో చరణంలో లావుగా కనపడితే జనం నవ్వుతారని సినిమావాళ్ల భయం. మేడమ్ ఆ సంగతి విని, తగ్గకముందు ఒకటి, తగ్గాక ఒకటి ఫోటోలు తీసుకోనిస్తే చాలు, ఫ్రీగా తగ్గిస్తానంది. సినిమా పిల్ల ఫోటో గోడ మీద ఉంటే బేరం పెరుగుతుంది మరి.

"నిన్న ఏం తిన్నావ్ జ్యోతి?" అని అడిగింది హిమజ.

"పొద్దుగాల షూటింగ్ల ప్రొడక్షనోళ్లు పెట్టిన ఇడ్లి, వడ తిన్ననక్కా. మళ్ల పూరి తిన్న. పగటీలి అన్నం, చికెన్, పెరుగు. పొద్దుమీకి మిర్చి బజ్జి. ఏం తిన్నా ఆకలైతనే ఉంటది."

అంత తిన్న పిల్ల వారం వారం కరిగిపోతోంది. మేడమ్ మురిసిపోయి, "చూశారా, మన ర్యాప్ పవర్!" అని వచ్చినవాళ్లందరికీ ఆమెను చూపించేది. బురదకు అంత శక్తి ఉంటే బర్రెలన్నీ బక్కచిక్కాలి కదా! జ్యోతి సీసా మీద సీసా నీళ్లు తాగేది, తాగిన ప్రతిసారీ బాత్రూమ్‌కు పరుగెత్తేది. హిమజ అది గమనించింది. ఒకరోజు నడుముకు టేపు పెడుతుంటే బొడ్డు పక్కన గట్టిగా గడ్డలు తగిలాయి, ఏళ్ల తరబడి సూది పొడిస్తే కట్టేలాంటివి. దగ్గరికి వంగేసరికి జ్యోతి నోట్లోంచి మాగిపోయిన పండు వాసన వచ్చిందట. హిమజ టేపు కింద పెట్టేసింది.

"సూది ఎన్నేండ్ల సంది ఏసుకుంటున్నవ్?" అని అడిగింది.

జ్యోతి ముందు బుకాయించింది. తర్వాత ఏడ్చింది. బడికెళ్లే వయసు నుంచి షుగర్ అట, ఇన్సులిన్ సూది లేకుండా బతకలేని రకం. ఆ సంగతి డాన్స్ మాస్టర్లకు తెలిస్తే ఎవరూ పిలవరు, సెట్టు మీద కళ్లు తిరిగి పడితే ఎవరు చూసుకోవాలి అని. అందుకే డాన్సర్ల యూనియన్‌లో చెప్పలేదు, మా సెంటర్ ఫారమ్‌లోనూ లేదనే రాసింది. ఎప్పుడో ఔట్‌డోర్ షూటింగ్‌లో సూదిమందు అయిపోయి, కొన్నాళ్లు వేసుకోక, చిక్కి సగమైందట. "ఏం తగ్గావమ్మా, హీరోయిన్‌లా ఉన్నావ్!" అని మాస్టర్ మెచ్చుకుని ముందు వరుసకు పిలిచింది అప్పుడే. మొదటి చరణం అయ్యాక సూది మొదలుపెట్టగానే ఒళ్లు మళ్లీ మామూలైంది. ఇప్పుడు కావాలనే మానేసింది.

"ఒక్క పాట అక్కా. రెండో చరణం అయిపోతే మళ్ల ఏసుకుంట. నా మీద ఒట్టు, ఎవలికి చెప్పకు" అని హిమజ చేతులు పట్టుకుంది.

సూది మానేస్తే మనిషి సన్నబడేది కొవ్వు తగ్గి కాదు. తిన్నది ఒంటికి పట్టక, ఒంట్లో ఉన్నదే కాలిపోయి, రక్తం విషమైపోతుంది, ఊపిరి మాగిన పండు వాసన వేస్తుంది. మేం అది చదువుకున్నాం. ఎప్పుడు కుప్పకూలుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ సాయంత్రమే హిమజ మేడమ్ గదిలోకి వెళ్లింది, నేనూ వెనకాలే వెళ్లాను. బయట ఎవరికీ చెప్పకపోయినా, ఇక్కడ బురద పూసి చెమట పట్టించే మనిషికి చెప్పకపోతే పిల్ల చచ్చిపోతుందని హిమజ అంది నాతో.

లీలాకుమారి గోళ్లకు రంగు వేసుకుంటూ అంతా వింది. "ఫారమ్‌లో నో అని రాసింది కదమ్మా. సంతకం కూడా పెట్టింది. మనకేం లయబిలిటీ లేదు."

"మేడమ్, గా పిల్ల పానం మీదికొస్తది" అంది హిమజ.

"ఇంకొన్ని రోజులే కదా. ఆఫ్టర్ ఫోటో తీసేసుకుందాం. తర్వాత ఆమె ఇష్టం, హాస్పిటల్‌కి వెళ్తుందో ఎక్కడికి వెళ్తుందో." గోరు మీద ఊదుకుని మా వైపు చూసింది. "మీరిద్దరూ స్టూడెంట్స్. స్టూడెంట్స్‌లా ఉండండి. సర్టిఫికెట్ కావాలా వద్దా?"

ఒక మనిషిని చూసి అంత అసహ్యం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. బయటికొచ్చి వాష్‌బేసిన్‌లో ఉమ్మేశాను. హిమజ కోటు విప్పి, బ్యాగు తీసుకుని, "కృష్ణానగర్ పోదాం పా" అంది.

జ్యోతి గది మేడ మీద రేకుల షెడ్డు. మూల ఇసుకలో చిన్న మట్టి కుండ, దాంట్లో ఇన్సులిన్ సీసా. ఫ్రిజ్ లేనివాళ్లు అలాగే చల్లగా పెట్టుకుంటారు. హిమజ ఆ పిల్లతో ఎంతసేపు కూర్చుందో! తిట్టింది, బతిమాలింది, తన తల్లి కాలు సంగతి చెప్పింది. "జాకెట్టు పట్టకుంటే కుట్లు ఇప్పుకుంటరు. అది బట్ట ముక్కనే గదనే, నువ్వు పోతే మళ్ల వస్తవా?" అంది.

"నీకు సమజ్ గాదక్కా. ఎన్కల వరుసల ఉంటే కెమెరాకు చెయ్యి కనబడ్తది, లేకుంటే జడ కనబడ్తది. మా అవ్వ ప్రతి సిన్మా జూసి యాడున్నవే అని అడుగుతది. ఒక్కపారి మొకం కనబడాలె" అంది జ్యోతి.

చివరికి మా ముందే సూది వేసుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు హిమజ రోజూ బోరబండ నుంచి ముందు కృష్ణానగర్ వెళ్లి, సూది వేయించి, అప్పుడు సెంటర్‌కు వచ్చేది. ఎంత తింటే ఎంత మందు పడుతుందో, డాన్స్ ఉన్న రోజు పక్కన ఏం పెట్టుకోవాలో నేర్పింది. చదువుకున్నది మొదటిసారి ఒక మనిషికి పనికొస్తోందని ఆమె మొహం వెలిగిపోయేది. నేను అడిగినా అడగకపోయినా జ్యోతి కబుర్లే చెప్పేది.

ఇంతలో రెండో చరణం తేదీ ఖాయమైంది. జ్యోతి ఆ ఫోను వచ్చిన రోజే మళ్లీ సూది మానేసింది. హిమజ వెళ్తే గదికి తాళం. షూటింగ్ ఉంది, బయట ఉన్నాను అని ఫోన్‌లో అబద్ధాలు. చివరికి ఫోటో రోజున సెంటర్‌లోనే కనపడింది. లీలాకుమారి కారు పంపి మరీ పిలిపించింది.

నేను ఆ దృశ్యం మర్చిపోలేను. కళ్లు లోతుకుపోయాయి. పెదాలు పగిలిపోయాయి. పరుగెత్తి వచ్చినదానిలా ఎగశ్వాస తీస్తోంది. అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకుంది. గది నిండా ఆ మాగిన పండు వాసన. మేకప్ అతను పెదాలకు రంగు వేస్తుంటే తల నిలవడం లేదు, పక్కకు వాలిపోతోంది. లీలాకుమారి గడ్డం పట్టి నిలబెట్టి, "ఒక్క స్మైల్ అమ్మా, ఒక్కటి" అంటోంది. పైగా నోరు కంపు కొడుతోందని యాలక్కాయ పెట్టబోయింది. థూ! మనిషి పుట్టుకేనా అది!

హిమజ ఫోటోగ్రాఫర్‌ను పక్కకు తోసి, జ్యోతి చంకల కింద చేతులు వేసి లేపింది. నేను కాళ్లు పట్టుకున్నాను.

"ఇప్పుడు బయటికి వెళ్తే సర్టిఫికెట్ సంగతి మర్చిపోండి!" అని అరిచింది లీలాకుమారి.

"నీ సర్టిఫికెట్ నువ్వే మెడల ఏసుకో, గా స్టెతస్కోప్ పక్కన" అంది హిమజ. ఎప్పుడూ ఎవర్నీ ఒక్క మాట అనని మనిషి.

ఆటోలో జ్యోతి నా ఒళ్లోనే వాంతి చేసుకుంది. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే హిమజ అసలు సంగతి చెప్పింది, పుట్టినప్పటి కథలు చెప్పకుండా, టైప్ వన్, ఇన్సులిన్ మానేసింది, శ్వాస ఇలా ఉంది, వాసన ఇలా ఉంది అని. వాళ్లు వెంటనే లోపలికి తీసుకెళ్లి సెలైన్ పెట్టి ఇన్సులిన్ ఎక్కించారు. చాలాసేపటికి డ్యూటీ డాక్టరు బయటికొచ్చి, "రేపు తెచ్చుంటే నేను చేసేదేమీ ఉండేది కాదు" అన్నాడు. హిమజ అక్కడే బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు జ్యోతి కళ్లు తెరిచే వేళకు ఆమె సెల్‌ఫోన్ మోగింది. సినిమా మేనేజర్. ఎల్లుండి పొద్దున్నే స్టూడియోలో ఉండాలట. జ్యోతి చెయ్యి చాపింది. ఆ ఫోను ఇస్తే సెలైన్ పీకేసి వెళ్తుందని మా ఇద్దరికీ తెలుసు. హిమజ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఆమె రాదు సార్. ఆసుపత్రిల ఉన్నది. షుగర్ ఉంది ఆమెకు" అంది. జ్యోతి పెట్టిన ఒట్టు హిమజ అక్కడ తప్పింది.

"నా నోటికాడి కూడు గుంజుకున్నవ్ అక్కా" అంది జ్యోతి. అని గోడవైపు తిరిగి పడుకుంది. చాలా నెలలు హిమజతో మాట్లాడలేదు.

లీలాకుమారి అన్నంత పనీ చేసింది. సర్టిఫికెట్ ఇవ్వలేదు. పైగా మేం దురుసుగా ప్రవర్తించామని యూనివర్సిటీకి చెప్పింది. మా డిపార్ట్‌మెంట్ పెద్ద రాజ్యలక్ష్మి గారికి జరిగిందంతా చెప్పుకుంటే, "మీరు చేసింది మంచిదే అనుకోండి. కానీ కాస్త సర్దుకుపోవాల్సింది" అన్నారు. చచ్చే మనిషి దగ్గర ఏం సర్దుకోవాలో అడిగాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకున్నారు. ఇంకో అసహ్యం ఏమిటంటే, ఆ ఫోటో. మేం లాక్కెళ్లేలోపే ఒకటి తీసి ఉంచుకుందట లీలాకుమారి. రంగు పెదాలతో, సగం మూసిన కళ్లతో జ్యోతి బొమ్మ నాజూకు గోడ మీద చాన్నాళ్లు వేలాడింది. దాన్ని చూసి అలాగే తయారవుదామని ఎంతమంది డబ్బు కట్టారో దేవుడికే తెలియాలి.

నేను ఆ చదువుకు దండం పెట్టి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని మాదాపూర్‌లో చేరిపోయాను. బాబాయి సంబరపడ్డాడు. హిమజ మాత్రం వదల్లేదు. ఒక సర్కారు దవాఖాన వంటశాలలో ఇంటర్న్‌షిప్ మొదటినుంచీ మళ్లీ చేసి, పరీక్ష రాసి, అక్కడే షుగర్ రోగులకు తిండి చెప్పే ఉద్యోగంలో కుదురుకుంది. షుగర్ సంగతి పొక్కాక జ్యోతిని సినిమావాళ్లు పిలవడం మానేశారు. కొన్నాళ్లు గదిలో ఊరికే కూర్చుంది. తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీల వార్షికోత్సవాలకు ఇంజనీర్లకు స్టెప్పులు నేర్పే పని దొరికింది. మా కంపెనీకీ వచ్చింది. నన్ను చూసి పలకరించి, కాసేపటికి, "అక్క ఎట్లున్నది?" అని అడిగింది. ఆ ఆదివారం తనే హిమజ దవాఖానకు వెళ్లి లైన్లో నిలబడి చీటీ తీసుకుని ఆమె ముందు కూర్చుందట. "నిన్న ఏం తిన్నవ్?" అని అడిగిందట హిమజ, ఏమీ జరగనట్టే.

సినిమా చాలా ఆలస్యంగా విడుదలైంది. ఊరి నుంచి జ్యోతి తల్లి మల్లమ్మ దిగింది. బిడ్డ ముందు వరుసలో ఉందని ఎప్పుడో మొదటి చరణం తీసిన రోజున జ్యోతి ఫోన్ చేసి చెప్పిందట. ఆ మాట పట్టుకుని ఆవిడ ఇన్నాళ్లూ ఎదురుచూసింది. తర్వాత జరిగింది జ్యోతి చెప్పలేదు, ఆసుపత్రి సంగతి అసలే చెప్పలేదు. మమ్మల్నిద్దర్నీ కూడా రమ్మంది. "మీరుంటే జర ధైర్యముంటది" అంది.

నలుగురం పక్కపక్కన కూర్చున్నాం. పాట మొదలవగానే హాల్లో ఈలలు. మల్లమ్మ కుర్చీ అంచుకు జరిగింది. మొదటి చరణం. హీరోయిన్ కుడిపక్కన పసుపు జాకెట్టులో, ఎముకలు కనపడుతూ, నవ్వుతూ జ్యోతి. నిజంగా బాగా చేసింది. కెమెరా మొహం మీదికి కూడా వచ్చి వెళ్లింది. నేను మల్లమ్మ వైపు చూశాను.

"గా పిల్లెవలే, గంత బక్కగున్నది? పాపం, ఎవ్వల బిడ్డనో, తిండి పెడ్తలేరా?" అంది మల్లమ్మ. కళ్లు ఆ ముందు వరుసలో మిగతా పిల్లల్లో వెతుకుతున్నాయి.

హిమజ జ్యోతి చెయ్యి పట్టుకుంది.

రెండో చరణం వచ్చింది. అదే చోట, అదే పసుపు జాకెట్టులో వేరే అమ్మాయి. నిండుగా, ఆరోగ్యంగా ఉంది. జాకెట్టు ఆమెకు పట్టలేదేమో, రెండు పక్కలా కుట్లు విప్పి వేరే పసుపు గుడ్డ అతికించారు, ఆ తేడా తెర మీద తెలిసిపోతోంది. కంటిన్యుటీ అట, కంటిన్యుటీ! ఆ ముక్క కోసమే కదా ఈ పిల్ల చావు దాకా వెళ్లింది. హాల్లో ఒక్కడు నవ్వలేదు, ఒక్కడు గుర్తుపట్టలేదు. ఈలలు వేస్తూనే ఉన్నారు.

"అగో! అగో నా బిడ్డ!" అని మల్లమ్మ లేచి నిలబడింది. ఆ అమ్మాయినే చూపిస్తోంది. "నువ్వే గదనే?"

జ్యోతి తెర వైపు చూసింది. "అవునే అవ్వా, నేనే" అంది.

మల్లమ్మ కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాట అయిపోయాక హిమజ వైపు వంగి, "బిడ్డా, నువ్వు తిండి డాక్టరమ్మవట గద. గా ముందుగాల ఉన్న బక్క పిల్ల నీకు యాడనన్న కనబడ్తె జర మంచిగ తినుమని చెప్పు" అంది.

"చెప్పిన పెద్దమ్మా" అంది హిమజ.